పండుమిరప ఎరుపు, ఆరు ఊదులు

ఉప్పాడ వెళ్లొచ్చానని తెలియగానే మా స్టాఫ్‌రూములో అందరూ అడిగింది ఒకటే: "చీర ఏదండీ?" చీర ఉంది, చూపిస్తాను. కానీ ఆ నాలుగు రోజుల ప్రయాణంలో నేను భద్రంగా ఇంటికి తెచ్చుకున్న అసలు వస్తువు చీర కాదు. చిటికెన వేలి గోరంత సిలికాన్ పలక. బూడిదరంగు అద్దంలా ఉంటుంది. ఒక మూల చిట్లింది, చిట్లిన చోట మసి ఇంకా పూర్తిగా పోలేదు. దాన్ని చూపిస్తే ఎవరూ చూడలేదు. అందుకే రాస్తున్నాను. రాసింది చేతిలో పెడితే చదవక ఎక్కడికి పోతారు?

నేను రాజమండ్రిలో ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో ఇరవై నాలుగేళ్లుగా ఫిజిక్స్ చెబుతున్నాను. యాభయ్యో ఏట పీహెచ్‌డీ ఏమిటని అడిగినవాళ్లకి, "అరవయ్యో ఏట చేస్తే మీకు అడిగే ఓపిక ఉండదేమోనని" అని జవాబు చెబుతుంటాను. నా పని సిలికాన్ మీద. మన ఫోన్లో, కెమెరాలో, డాబా మీది సోలార్ పలకలో ఉండేది అదే. కంటికి కనబడే వెలుగును చక్కగా తాగుతుంది. ఎరుపు దాటి బాగా అవతల ఉండే పరారుణ కాంతిని, అంటే మన ఇళ్లకు ఇంటర్నెట్ తెచ్చే ఫైబర్ తీగలో పరిగెత్తే వెలుగులాంటిదాన్ని మాత్రం కిటికీ అద్దంలా వదిలేస్తుంది. ఆ వెలుగును కూడా దానిచేత పట్టించగలిగితే పొగమంచులో చూసే కెమెరాలు చవగ్గా వస్తాయని మా ఆశ.

పట్టించడానికి ఒక దారి ఉంది. బంగారం పరమాణువులను మహావేగంతో సిలికాన్ పై పొరలోకి కొడతారు. ఆ దెబ్బకు పొర చెదిరిపోతుంది. అప్పుడు దాని మీద లేజరు వెలుగును ఒక్క తునకగా వేస్తారు. సెకనును వందకోట్ల ముక్కలు చేస్తే, అందులో కొన్ని ముక్కలంత సేపు. పై పొర కరిగి, మళ్లీ గట్టిపడుతుంది. బంగారానికి పారిపోయే వ్యవధి ఉండదు, ఉన్నచోటే చిక్కిపోతుంది. చిక్కిన బంగారమే పరారుణ కాంతిని పడుతుంది.

అలా చేయించిన ముక్కలు నా దగ్గర రెండే. ఎక్కడో ఉత్తరాదిన చేశారు, ఇంకోటి కావాలంటే ఏడాది వరసలో నిలబడాలి. మా గైడు గారేమో నాకంటే ఎనిమిదేళ్లు చిన్న, మొండితనంలో మాత్రం పెద్ద. "మేడమ్, రెండో ముక్కను నిదానంగా వేడి చేయండి. బంగారం జారిపోయి ఆ గుణం పోయిందని చూపిస్తేనే, అది లేజరు వేగం వల్ల వచ్చిందని రుజువు. లేకపోతే ఈ అధ్యాయం నిలబడదు" అంటారు. నేను ససేమిరా అన్నాను. "నా పెళ్లి పట్టుచీర నిప్పులో పడితే కాలుతుందని తెలుసుకోవడానికి దాన్ని తగలెట్టుకోవాలా?" అని నెల రోజులు పోట్లాడాను. చివరికి ఆయన, "కాకినాడలో కొలిపించుకు రండి, తరవాత మాట్లాడదాం" అన్నారు. ఆ స్వరం నాకు తెలుసు. తరవాత మాట్లాడడం ఉండదు, అధ్యాయం కొట్టేయడమే ఉంటుంది. మూడేళ్ల పని.

అదీ సంగతి. ఇక బయల్దేరుదాం.

పాలకొల్లు: దిబ్బరొట్టె తినే లోపల

కాకినాడకు రాజమండ్రి నుంచి తిన్నగా పోవచ్చు. కానీ పాలకొల్లులో మా ఆడపడుచు సత్యవతి వదిన మనవరాలికి ఓణీల వేడుక. రావులపాలెం మీదుగా బస్సెక్కాను. సిద్ధాంతం వంతెన మీద గోదావరి కనబడగానే బస్సంతా ఫోన్లు ఎత్తింది. రోజూ ఆ బస్సులో పోయేవాళ్లే. మా రాజమండ్రిలో ఏరు ఇంటి పక్కనే ఉంటుంది కనక మేం తలెత్తి చూడం. వీళ్లు వంతెన దాటినంతసేపూ చూస్తారు. ఈ విషయంలో వాళ్లే నయం.

కుదుపులకు నా చెవి దుద్దు మర ఊడి ఒళ్లో పడింది. పోతుందేమోనని చేతికి దొరికిన భద్రమైన చోటులో, అంటే ముక్కల డబ్బాలో వేశాను. నాలుగు అరల ప్లాస్టిక్ డబ్బా అది. ఒకదాంట్లో బంగారం లేని సాదా సిలికాన్, రెండిట్లో లేజరు ముక్కలు. ఖాళీ అరలో దుద్దు. ఇంత తెలివిగా ఆలోచించినందుకు నన్ను నేను మెచ్చుకున్నాను కూడా.

మర్నాడు ఉదయం వేడుక అయ్యాక వదిన, "క్షీరారామం గోపురం దాటి సందులో వీరభద్రాచారి గారని ఉన్నారు. మా అత్తగారి కాలం నుంచీ ఆయనే. అతికించుకురా కామేశ్వరీ" అంది. డెబ్బై దాటిన మనిషి. ముందు కుంపటి, పెదాల మధ్య ఇత్తడి ఊదుగొట్టం. మా ఊళ్లో గ్యాసు మంటలు వచ్చాక కుంపటి ముందు కంసాలిని నేను చూసి చాలా ఏళ్లయింది.

డబ్బా మూత తీసి ఆయన ముందు పెట్టాను. "దుద్దు ఇదండీ. మిగతావి ముట్టుకోకండేం. అవీ బంగారమే."

ఆయన కళ్లద్దాలు సవరించుకున్నారు. "ఏవండీ, ఈ రాళ్లా?"

"రాళ్లు కావు ఆచారిగారూ, సిలికాన్. లోపల బంగారం కొట్టించాను."

"కొట్టించారా! ఎంతయిందండీ?"

చెప్పాను. ఆయన ముక్కలకేసి ఒకసారి, నాకేసి ఒకసారి చూశారు. అప్పుడైనా నాకు అనుమానం రావలసింది. "ఓ పావుగంట పట్టుద్దండి, టిఫిను చేసి రండి" అన్నారు.

ఎదురు సందులో దిబ్బరొట్టె. పాలకొల్లు వెళ్లి అది తినకుండా వచ్చినవాళ్లతో నేను మాట్లాడను. మినప్పిండి మందంగా పోసి, మూతమీద కూడా నిప్పులు పెట్టి కాలుస్తారు. పైన గోధుమరంగు పెచ్చు, లోపల దూది. చెరకు పానకంలో ముంచుకోవాలి. ఒక ముక్క నలభై రూపాయలు, పానకం అడిగినంత. రెండు తిన్నాను. మూడోది తినబోతూ మానేశాను. మానకపోయినా జరిగేదేం మారదు.

తిరిగి వచ్చేసరికి దుద్దు సిద్ధం. దాని పక్కన బొగ్గు మీద, పట్టకారు మధ్య, నా లేజరు ముక్క. నల్లగా, మసి పట్టి, ఒక మూల చిట్లి.

ఆచారిగారు తల దించుకునే చెప్పారు. "ఏమనుకోకండి పంతులమ్మగారూ. గీటురాయి మీద రాశాను, గీత పడలేదు. ఎర్రగా కాల్చాను, పూస తేలలేదు. ఇందులో ఆవగింజంత బంగారం కూడా లేదండి. మిమ్మల్ని ఎవరో నిలువునా ముంచేశారు."

తరవాత నేనన్న మాటలు ఇక్కడ రాయను. సందులో వాళ్లంతా బయటికొచ్చారని మాత్రం చెబుతాను. నేను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు ఆయన, "ఆడకూతురు కష్టార్జితం ఎవడో తినేశాడని కడుపు తరుక్కుపోయిందండి. ఆయ్. అందుకే చూశాను" అన్నారు.

నన్ను మోసం నుంచి కాపాడాలనుకున్న మనిషిని ఎంతసేపని తిడతాం? ఒకటే అడిగాను. "వెలిగారం వేశారా?" కంసాలులు లోహం కరిగేటప్పుడు చల్లే ఆ పొడి పడితే ముక్క మీద గాజులా అంటుకుంటుంది, ఇక దేనికీ పనికిరాదు.

"లేదండి. బంగారం కంటబడితేనే వెలిగారం."

దుద్దుకు కూలి తీసుకోనన్నారు. నేను బలవంతంగా ఇచ్చాను. ఆయన బలవంతంగా నా ఫోన్ నంబరు తీసుకున్నారు.

పంటు మీద

నరసాపురం దగ్గర వశిష్ఠ గోదావరి దాటడానికి పంటు ఉంది. రెండు పడవలను కలిపి పైన బల్లలు పరిచినట్టుంటుంది. మనుషులు, మోటారు సైకిళ్లు, కార్లు, అరటి గెలలు, అన్నీ ఎక్కుతాయి. "చించినాడ వంతెన మీద పోతే గంట కలిసొస్తుంది కదా" అని వదిన. "గంట కలిసొచ్చి నేనేం చేసుకోను, ఏడవడమేగా" అని నేను. టికెట్టు ఇచ్చే అతను చిల్లరకు బదులు జీడిబిళ్ల ఇచ్చాడు. మామూలుగా అయితే పోట్లాడేదాన్ని. ఆ రోజు నోట్లో వేసుకున్నాను. నా పరిస్థితి అలా ఉంది.

పక్కన ఒకామె నిలబడింది. తల మీంచి చుట్టిన కొంగు, చేతిలో స్టీలు క్యారేజీ. పేరు మేరీ రత్నం. రొయ్యల ఫ్యాక్టరీలో పని, సెలవుకు పుట్టింటికి పోతోంది. డబ్బాను రెండు చేతులతో పట్టుకున్న నన్ను కాసేపు చూసి, "అందులో ఏంటండి, మందులా?" అంది.

ఎవరితోనో ఒకరితో చెప్పుకోవాలి కదా. అంతా చెప్పాను. లేజరు, బంగారం, ఊదుగొట్టం. నా క్లాసులో మూడో బెంచీ తరవాత ఎవరూ వినరు. ఈమె విన్నది.

"అయితే మా రొయ్యల్లాగేనండి" అంది. "మామూలు ఫ్రిజ్జులో పెడితే మెల్లగా గడ్డకడతదండి. తీశాక చూడండి, నీరంతా కక్కేసి పీచు పీచుగా ఉంటది. మా మిషన్లో నిమిషాల్లో గడ్డకట్టేస్తదండి. లోపలిది లోపలే ఉండిపోద్ది."

"అదే. సరిగ్గా అదే."

"మరి కాలింది మంచిదే కదండి."

"ఏంటమ్మా మంచిది?"

"కొత్తలో నేనూ నమ్మలేదండి, ఎలా గడ్డకట్టినా రొయ్య రొయ్యే కదా అని. మా సూపర్‌వైజరు గారు మెల్లగా కట్టిందీ, గబాల్న కట్టిందీ రెండూ పళ్లెంలో పక్కపక్కన పెట్టారు. అప్పుడు నమ్మాను. ఒక్కటే చూపిస్తే ఎవరు నమ్ముతారండి?"

నేను ఏరు కేసి చూశాను. నెల రోజులుగా మా గైడు గారు ఇంగ్లీషులో చెప్పిన మాటే, నరసాపురం రేవుకూ సఖినేటిపల్లి రేవుకూ మధ్య ఈమె తెలుగులో చెప్పేసింది. ఒప్పుకోవాలంటే గొంతులో ఏదో అడ్డుపడింది. జీడిబిళ్ల అనుకున్నాను.

అప్పుడే ఫోను మోగింది. ఆచారిగారు. "ముక్కకి ఎలా ఉందండి?" జ్వరం తగ్గిందా అన్నట్టు అడిగారు.

"అలాగే ఉందండి."

"నీళ్లు తగలనివ్వకండి" అన్నారు గోదావరి మధ్యలో ఉన్న నాతో.

రాజోలులో ఒకసారి, అమలాపురంలో ఒకసారి మళ్లీ చేశారు.

కాకినాడ: చెప్పులు బయట

కొలిచే మిషన్ ఉన్న గదికి అధికారి ఎస్తేరు రాణి గారు. నలభై ఏళ్లు ఉంటాయి, తెల్ల కోటు, నోటి వెంట రెండో మాట ఉండదు. "చెప్పులు బయట. బ్యాగు బయట. మాటలు కూడా బయటేనండి." నాకు మూడోది కష్టం. మా కాలేజీ ల్యాబులో చెప్పులతో వస్తారు, టీలతో వస్తారు, ఒకసారి కుక్క కూడా వచ్చింది.

మసి పట్టిన ముక్కను చూసి ఆవిడ నన్ను చూసింది. "కాలిందండీ?"

"కాల్చారండీ."

ఎసిటోనుతో కడిగింది. మిషన్ ఆన్ చేసే ముందు కళ్లు మూసుకుని రెండు క్షణాలు ప్రార్థన చేసుకుంది. "నా ముక్క కోసమాండీ?" అన్నాను. "కరెంటు కోసమండి. ఈ వేళప్పుడు పోతుంటుంది" అంది.

ముందు సాదా సిలికాన్. తెర మీద గీత, పరారుణం దాదాపు అడ్డం లేకుండా దాటిపోతున్నట్టు, పైన తిన్నగా నడిచింది. తరవాత బాగున్న లేజరు ముక్క. గీత దిగింది. ఎంతో కాదు, గజాలకొద్దీ ఏం కాదు, వేలెడు. కానీ దిగింది, దిగి అక్కడే ఉంది. వెలుగును ముక్క పట్టుకుంటోంది. మూడేళ్లలో మొదటిసారి నా కంటితో చూశాను. అరవబోయి ఆవిడ ముఖం చూసి ఊరుకున్నాను.

మూడోది కాలిన ముక్క. పెట్టొద్దందామా అనిపించింది. ఏమీ చెప్పని చెత్త గీత వస్తే? మసి వల్ల ఇంకా కిందికి దిగితే? అప్పుడు లేజరు వల్ల దిగిందో మురికి వల్ల దిగిందో ఎవరు చెప్పగలరు? రెండు ముక్కలూ పోయినట్టే.

గీత ఎడమ నుంచి మొదలైంది. మెల్లగా నడిచింది. సాదా ముక్క గీత దగ్గరికి వెళ్లి, దాని మీదే పడుకుంది. ఒక గీత కనబడాల్సిన చోట రెండున్నాయని పరీక్షగా చూస్తేగానీ తెలియదు.

ఎస్తేరు రాణి గారు కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. "ఇంకోసారి వేస్తానండి" అన్నారు. వేశారు. మళ్లీ అక్కడే. మూడోసారి నేను అడగకుండానే వేశారు. అప్పుడు నవ్వారు. "బంగారం చోటు వదిలేసిందండి. గుణం పోయింది. ఇంత శుభ్రంగా పోవడం నేనెప్పుడూ చూళ్లేదు. ఏ ఫర్నేసులో కాల్చారు?"

"పాలకొల్లు ఫర్నేసండి."

"కొత్తగా వచ్చిందా?"

నేను ఇక ఆపుకోలేకపోయాను. ఆ గదిలో మాటలు బయట పెట్టాలన్న నియమం ఆ రోజుకు పోయింది. కథంతా విని ఆవిడ కూడా కుర్చీలో కూర్చుని కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. తరవాత తన డబ్బాలోంచి గొట్టం కాజా తీసి పెట్టింది. కొరికితే పాకం మోచేతిదాకా కారింది. ఆ మిషన్ దగ్గర తిండి నిషేధమని గోడ మీద రాసి ఉంది. రాసింది ఆవిడే.

ఉప్పాడ: సిగ్నలు లేని చోట

నాలుగో రోజు ఉప్పాడ. సముద్రం పక్కనే రోడ్డు. రోడ్డుకీ సముద్రానికీ మధ్య బండరాళ్లు. ఆటో అతను నిరుడు టీ కొట్టు ఉన్న చోటు చూపించాడు. ఇప్పుడక్కడ అల ఉంది. "కొట్టు ఎక్కడికి పోయింది?" అంటే, "ఇటు జరిగిందండి. మళ్లీ జరుగుద్దండి" అన్నాడు, బల్ల జరిపినంత తేలిగ్గా.

మగ్గం ఇంట్లో చీరలు చూశాను. మా ఊరి దుకాణంలో చీర తిరగేసి చూస్తే కొనరని లెక్క. ఇక్కడ వాళ్లే తిరగేసి చూపిస్తారు, పువ్వు రెండు వైపులా ఒక్కలాగే ఉంటుందని. వంగపండు రంగు, చిన్న జరీ మామిడి పిందెలు. ఎనిమిది వేలన్నారు. గంట బేరమాడే ఉత్సాహం ఉండి కూడా ఏడున్నరకే ఒప్పేసుకున్నాను. ఆ రోజు అంత సంతోషంగా ఉన్నాను మరి.

బయటికొచ్చి, రాళ్ల మీద నిలబడి గైడు గారికి ఫోను చేశాను. గీతల సంగతి చెప్పాను.

"అంటే మేడమ్, కాల్చమని నేనన్నది..."

"సరైనదే. మీరు చెప్పిందే రైటు, నేను చెప్పింది తప్పు."

"మేడమ్, సిగ్నలు సరిగ్గా లేదు. ఇంకోసారి చెప్పండి?"

సిగ్నలు అద్భుతంగా ఉంది. ఆయన గొంతులో నవ్వు కూడా వినబడుతోంది. ఇంకోసారి చెప్పాను. జీవితంలో ఒకసారే కదా.

"సరే మేడమ్. ఎంత వేడి? ఎంతసేపు? అది లేకపోతే అచ్చులో వేయలేం."

పిఠాపురం: రైలు రాకముందు

కుక్కుటేశ్వరుణ్ణి చూసుకుని స్టేషనుకు వచ్చేసరికి రైలు అరగంట ఆలస్యం. బెంచీ మీద కూర్చుని ఆచారిగారికి ఫోను కలిపి, అదే లైన్లోకి గైడు గారినీ లాగాను.

"ఆచారిగారూ, ముక్క బాగుంది. మీరు కాల్చడమే మంచిదయింది."

"నన్ను ఊరడించకండి పంతులమ్మగారూ."

"ఒట్టండి. ఇందులో బంగారం ఉంది. మీ త్రాసు పట్టలేనంత తక్కువ. లేజరు దాన్ని లోపల కట్టిపడేస్తే మీ మంట విప్పేసింది."

ఆయన గొంతు చిన్నపిల్లాడిదయిపోయింది. "అంటే, నా ఊదుకి బంగారం కదిలిందంటారా?"

"కదిలిందండి."

"ఆయ్! మరి నేననుకుంటూనే ఉన్నాను. బంగారమై ఉండి నా ఊదుకి కదలకుండా ఎలా ఉంటది!" రెండు రోజుల కిందట ఆవగింజంత కూడా లేదన్న మనిషి.

గైడు గారు అందుకున్నారు. "అయ్యా, వేడి ఎంత ఉంటుందండి? డిగ్రీల్లో?"

"డిగ్రీలంటే తెలియదండి. పండుమిరప ఎరుపు. కుంకుమ ఎరుపు దాకా పోనివ్వలేదు, పోతే చిట్లుద్దని. ఒక మూల చిట్లనే చిట్లింది."

"ఎంతసేపు?"

"ఆరు ఊదులండి."

"ఒక ఊదు అంటే..."

"ఊదుతా, లెక్కపెట్టుకోండి" అని ఫోనులోనే ఊదడం మొదలెట్టారు. పిఠాపురం ప్లాట్‌ఫారం మీద నేను గడియారం చూస్తూ, తన ఊళ్లో గైడు గారు గడియారం చూస్తూ, పాలకొల్లులో డెబ్బై ఏళ్ల ఊపిరి. ఒక్కో ఊదు ఎనిమిది సెకన్లు. మధ్యలో ఎక్కడా తెగలేదు. పక్క బెంచీ మీద వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్న పెద్దాయన, "ఎవరికండి, ఆయాసమా?" అని అడిగాడు.

తరవాతి వారం గైడు గారే వేడి కొలిచే మీటరు పట్టుకుని పాలకొల్లు వెళ్లారు. పండుమిరప ఎరుపు మూడుసార్లూ దాదాపు ఒకే అంకె దగ్గర నిలబడిందట. దిబ్బరొట్టె మూడు తిన్నారట. ఇప్పుడు ఆ అధ్యాయంలో డిగ్రీలు, సెకన్లు ఉన్నాయి. పేజీ అడుగున చిన్న అక్షరాల్లో పండుమిరప ఎరుపు, ఆరు ఊదులు కూడా ఉన్నాయి.

కృతజ్ఞతల పేజీ దగ్గర మళ్లీ గొడవ వచ్చింది. నేను ముందు ఆచారిగారి పేరు రాశాను, తరవాత గైడు గారిది. "మేడమ్, గైడు పేరు ముందుండడం పద్ధతి" అన్నారాయన. "అసలు కాల్చమని చెప్పింది నేను కదా?"

"చెప్పారండి, నెల రోజులు చెప్పారు" అన్నాను. "ఆయన చెప్పలేదు, కాల్చారు."